నవంబరు 5 నెగడు

బ్రిటన్‌లో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లకు నవంబరు మొదటి వారం ఒక చిక్కుప్రశ్న వేస్తుంది. మన దీపావళి కాస్త అటో ఇటో ఆ రోజుల్లోనే వస్తుంది. దానితో ఏ సంబంధమూ లేకుండా, ఐదో తారీకు రాత్రి ఊరూరా పార్కుల్లో, ఆటస్థలాల్లో ఇంటెత్తు కట్టెలు పేర్చి నిప్పు పెడతారు. తాళ్లు కట్టిన హద్దు వెనక జనం గుమిగూడతారు. తారాజువ్వలు పేలుతుంటాయి, ఉన్ని టోపీలు పెట్టుకున్న పిల్లలు కాకరపువ్వొత్తులు తిప్పుతుంటారు. తొక్కతో కాల్చిన బంగాళాదుంపలు, పంచదార పాకం పట్టించిన ఆపిల్ పండ్లు తింటారు. యార్క్‌షైర్ వైపైతే ఓట్స్ పిండి, అల్లం, నల్లని చెరకు పాకం కలిపి చేసే పార్కిన్ అనే కేకు కూడా. భోగీ దీపావళీ ఒకే రాత్రి వచ్చాయా అనిపిస్తుంది. కట్టెల మీద, అన్నిచోట్లా కాకపోయినా చాలాచోట్ల, పాత చొక్కా ప్యాంటు తొడిగి కాగితాలు కూరిన మనిషి బొమ్మ ఒకటి ఉంటుంది. దాని పేరు గై. ఎవరీ గై, అతన్ని ఎందుకు కాలుస్తున్నారు అని అడిగితే, పార్లమెంటును పేల్చబోయి దొరికిపోయినవాడు అని ఒక్క మాటలో చెప్పేస్తారు. ఆ మాట నిజమే గాని, అక్కడితో ఆగితే ఈ దేశపు చరిత్రలో ఒక పెద్ద పాఠం మనకు అందకుండా పోతుంది.

ఆ నెగడును మొదటి రాత్రి జనమే వేసుకున్నారు. తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు ఏటేటా దాన్ని రగిల్చింది మాత్రం ఒక చట్టం. సాటి పౌరుల్లో ఒక మతం వాళ్లను, కేథలిక్కులను, శత్రువులుగా గుర్తుపెట్టుకొమ్మని ఆ చట్టం దేశానికి చెప్పింది. ఈనాడు అది పిల్లల పండగలా కనిపిస్తోందంటే కాలం గడిచి పగ దానంతటదే చల్లారిందని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. ఆ మతం వాళ్లకు చట్టంలో చోటు దొరికాకే మంటలోని విషం విరిగింది. చోటు తేలని ప్రతిచోటా అదే మంట ఇంకా విషం కక్కుతూనే ఉంది.

దీనికి ముందు కథ కొంత తెలియాలి. పదహారో శతాబ్దంలో ఇంగ్లండు రాజులు రోమ్‌లోని పోపు అధికారాన్ని కాదని తమ సొంత ప్రొటెస్టెంటు చర్చి పెట్టుకున్నారు. మధ్యలో పోపునే నమ్మే కేథలిక్కు రాణి మేరీ గద్దెనెక్కి, 1555 నుంచి 1558 దాకా సుమారు 280 మంది ప్రొటెస్టెంట్లను సజీవంగా కాల్పించింది. ఆమె తర్వాత వచ్చిన ఎలిజబెత్ కాలంలో ఆ మృతుల గాథలను జాన్ ఫాక్స్ ఒక మహాగ్రంథంగా రాశాడు. పెద్ద చర్చిల్లో దాన్ని అందరికీ కనపడేలా ఉంచారు. అంటే నవంబరు 5 కన్నా ముందే మంట అనేది ఇంగ్లండు ప్రొటెస్టెంటు మనసులో ఒక గాయం. 1570లో పోపు ఎలిజబెత్‌ను మతం నుంచి వెలివేసి, ఆమెకు విధేయులుగా ఉండనక్కర లేదని ప్రజలకు ప్రకటించాడు. దాంతో ఇంగ్లండులోని ప్రతి కేథలిక్కూ రాజద్రోహం చేయగలవాడే అన్న అనుమానానికి గురయ్యాడు. రాజుగారి చర్చికి వెళ్లనివాళ్లకు 1581లో నెలకు 20 పౌన్ల జరిమానా పెట్టారు. కూలీనాలీ చేసుకునేవాడు ఆ కాలంలో ఏడాదంతా కష్టపడినా అంత చూడడు. విదేశాల్లో దీక్ష తీసుకుని వచ్చిన కేథలిక్కు గురువు ఈ నేల మీద ఉండటమే 1585 నుంచి రాజద్రోహం. ఆ గురువులకు ఇంట్లో చోటిచ్చిందన్న అభియోగంతో యార్క్‌లో మార్గరెట్ క్లిథరో అనే గృహిణి మీద తలుపు వేసి, దాని మీద బరువులు పేర్చి 1586లో చంపారు. ఆ ఊళ్లోనే 1570లో పుట్టిన గై ఫాక్స్‌కు అప్పటికి పదహారేళ్లు కూడా సరిగా నిండలేదు. కుట్రను సమర్థించడానికి ఇది చెప్పడం లేదు. మంటల పక్కన నిలబడి వినే ఒక్క వాక్యపు కథలో ఈ భాగం ఎప్పుడూ రాదు కాబట్టి చెబుతున్నాను.

1603లో స్కాట్లండు రాజు జేమ్స్ ఇంగ్లండుకూ రాజయ్యాడు. అతని తల్లి కేథలిక్కు కావడంతో బాధలు తీరతాయని కేథలిక్కులు ఆశపడ్డారు. కానీ ఏడాది తిరక్కుండానే జేమ్స్ వాళ్ల గురువులను దేశం విడిచి పొమ్మన్నాడు, జరిమానాలు మళ్లీ మొదలయ్యాయి. అప్పుడు రాబర్ట్ కేట్స్‌బీ అనే భూస్వామి కొందరిని కూడగట్టి, పార్లమెంటు ప్రారంభమయ్యే రోజున రాజునూ ప్రభువులనూ ఒకేసారి పేల్చెయ్యాలని పథకం వేశాడు. స్పెయిన్ సైన్యంలో పనిచేసి మందుగుండు ఎరిగిన ఫాక్స్‌కు నిప్పుపెట్టే పని అప్పగించాడు. సభకు రావద్దని ఒక ప్రభువును హెచ్చరిస్తూ వచ్చిన ఆకాశరామన్న ఉత్తరం గుట్టు బయటపెట్టింది. 1605 నవంబరు 5 తెల్లవారకముందే ప్రభువుల సభ కింది మాళిగలో 36 పీపాల తుపాకిమందుతో ఫాక్స్ దొరికాడు. రాజు బతికాడని ఆ సాయంత్రమే లండన్ జనం వీధుల్లో నెగళ్లు వేశారు. కేట్స్‌బీ మూడు రోజుల తర్వాత పట్టుకోవడానికి వచ్చినవాళ్ల తుపాకులకు చనిపోయాడు. చిత్రహింసల తర్వాత ఫాక్స్ వాంగ్మూలం కింద చేసిన సంతకం వణికిపోయి, అక్షరాలు కూడా సరిగా పోల్చుకోలేనట్టుంటుంది. ఆ కాగితం ఇప్పటికీ భద్రంగా ఉంది. జనవరి చివర్లో మిగిలిన కుట్రదారులను ఉరికంబం ఎక్కించారు.

ఇక్కడిదాకా జరిగినది ఒక నేరం, దానికి శిక్ష. ఆ జనవరిలోనే, కుట్రదారులు చనిపోయే సమయానికే, పార్లమెంటు మరో పని మొదలుపెట్టింది. ప్రతి ఏడూ నవంబరు 5న ప్రజలంతా చర్చికి వచ్చి దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలని చట్టం చేసింది. ఆ ప్రార్థన సమయంలో చట్టం పాఠాన్ని అందరికీ వినపడేలా చదవాలనీ అందులోనే రాసింది. కుట్ర చేసింది పట్టుమని పదమూడుమంది. ఆ రోజు చర్చిలో కూర్చున్న రైతుకు ఏటా వినిపించింది మాత్రం ఒక మతమంతా చేసిన ద్రోహం. అదే ఏడాది వచ్చిన ఇంకో చట్టం కేథలిక్కులను న్యాయవాద, వైద్య వృత్తులకు దూరం చేసింది. జ్ఞాపకం, శిక్ష ఒకే పార్లమెంటు చేతుల మీదుగా వచ్చాయన్నది గమనించాలి. చర్చి ప్రార్థన పుస్తకంలో ఆ రోజుకు ప్రత్యేక ప్రార్థన చేరింది. 1688లో కేథలిక్కు రాజు రెండో జేమ్స్‌ను దించడానికి ప్రొటెస్టెంటు ప్రభువు ఆరెంజ్ విలియం సేనలతో టోర్‌బేలో దిగింది కూడా సరిగ్గా నవంబరు 5న కావడంతో, దేవుడు మనవైపే ఉన్నాడన్న నమ్మకం రెట్టింపయింది. అంతకు కొన్నేళ్ల ముందు, 1678లో టైటస్ ఓట్స్ అనేవాడు కేథలిక్కులు రాజును చంపబోతున్నారని పచ్చి అబద్ధం అల్లితే, దాన్ని నమ్మి కనీసం 15 మంది నిర్దోషుల ప్రాణాలు తీశారు. ఆ రోజుల్లో లండన్ వీధుల్లో పోపు బొమ్మను ఊరేగించి వేలమంది ముందు కాల్చేవారు. ఓట్స్ అబద్ధాన్ని అంతమంది అంత తేలిగ్గా నమ్మారంటే, డెబ్బై ఏళ్లుగా ఏటా నవంబరులో విన్న పాఠం వాళ్ల చెవుల్లో ఉంది.

మరి ఈ విషం ఎలా విరిగింది? ముందు సింహాసనం తగాదా తెగింది. రెండో జేమ్స్ సంతతి అయిన కేథలిక్కు స్టువర్ట్ వంశం గద్దె కోసం చేసిన చివరి యుద్ధం 1746లో కల్లోడెన్‌లో ఓటమితో ముగిసింది. 1766లో ఆ వంశపు వారసుణ్ణి రాజుగా గుర్తించడానికి పోపే ఒప్పుకోలేదు. ఆ తర్వాతే చట్టాలు కదిలాయి. 1778లో మొదటి సడలింపు వచ్చింది. దాన్ని రద్దు చెయ్యాలంటూ 1780లో లండన్‌లో చెలరేగిన గోర్డన్ అల్లర్లలో వందలమంది చనిపోయారు. అయినా పార్లమెంటు వెనక్కి తగ్గలేదు. 1791లో కేథలిక్కుల పూజలకు చట్టబద్ధత వచ్చింది. 1829లో, ఐర్లండులో డేనియల్ ఓకానెల్ నడిపిన మహోద్యమం ఫలితంగా, వాళ్లకు పార్లమెంటులో కూర్చునే హక్కు వచ్చింది. 1859లో నవంబరు 5 ప్రార్థనను పుస్తకంలోంచి తీసేశారు, 1606 చట్టాన్ని రద్దు చేశారు. 1871లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో మతపరీక్షలు పోయాయి. ఆ తరవాతి దశాబ్దాల్లో నెగడు చుట్టూ ఉన్న జనం కూడా మారారు. అంతకుముందు తారు పీపాలు వెలిగించి వీధుల్లో దొర్లించే కుర్రమూకలదే రాజ్యం. 1847లో లూయిస్ పట్నంలో అల్లరిమూకలను చెదరగొట్టడానికి లండన్ నుంచి పోలీసులను రప్పించాల్సి వచ్చింది. క్రమంగా ఊరి పెద్దలు, సంఘాలు, ఆ తర్వాత పురపాలక సంఘాలు నెగడు బాధ్యత తీసుకున్నాయి. పిల్లలు వారం ముందునుంచే బొమ్మను వీధి మొగన కూర్చోబెట్టి, గై కోసం ఒక పెన్నీ అంటూ చిల్లర అడిగి టపాసులు కొనుక్కోవడం చాలాకాలం నడిచింది.

ఇక్కడ చరిత్ర తెలిసినవాళ్లు ఒక గట్టి అభ్యంతరం చెబుతారు. 1829లో హక్కులొచ్చాయి సరే, 1850లో పోపు ఇంగ్లండులో మళ్లీ బిషప్పులను నియమించగానే ఆ నవంబరులో పోపు బొమ్మలూ, ఆ బిషప్పులకు పెద్ద అయిన కార్డినల్ వైజ్‌మన్ బొమ్మలూ ఎందుకు కాలాయి? చట్టమే మందు అయితే ఇరవయ్యొక్కేళ్లకు జబ్బు ఎందుకు తిరగబెట్టింది? నా జవాబు ఏమిటంటే, 1829 చట్టం పార్లమెంటు తలుపు తెరిచిందే గాని, చర్చిలో ఏటేటా వినిపించే ప్రార్థనను ముట్టుకోలేదు. ఒక చేత్తో హక్కు ఇస్తూ, ఇంకో చేత్తో వీళ్లు ద్రోహులని చదివించడం ఇంకో ముప్పై ఏళ్లు సాగింది. 1850 మంటలు ఆ రెండో చెయ్యి వెలిగించినవే. ఆ ప్రార్థన ఆగిపోయాక అంత పెద్ద ఎత్తున కేథలిక్కు వ్యతిరేక నవంబరు మళ్లీ దేశమంతటా రాలేదు. మరో సంగతి కూడా ఉంది. 1859లో రద్దయింది ఒక్క నవంబరు 5 మాత్రమే కాదు. రాజు మొదటి చార్లెస్ తల నరికిన జనవరి 30, రాజరికం తిరిగొచ్చిన మే 29 కూడా చట్టం మొయ్యగా బతికిన రోజులే. చట్టం చెయ్యి తియ్యగానే మొదటిది జనం నోట్లోంచి పోయింది, రెండోది ఏ కొద్ది ఊళ్లలోనో మిగిలింది. నవంబరు 5 మాత్రం నిలబడింది. దాని ద్వేషం ప్రభుత్వం చేర్చింది. మంట మాత్రం, చలికాలం ముంగిట చీకట్లో నలుగురూ కలిసి కాచుకునే మంట, జనానిది. పుల్లలేరుకొచ్చి భోగిమంట వేసే మన పిల్లలకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

కాలమే అన్నీ మాన్పుతుందనేవాళ్లకు రెండు దేశాలను చూపించాలి. అమెరికా వలసరాజ్యాల్లో, ముఖ్యంగా బోస్టన్‌లో, ఇదే రోజును పోపు రాత్రి అనేవారు. ఉత్తర వాడ, దక్షిణ వాడ కుర్రాళ్లు పోపు బొమ్మల బళ్లతో వచ్చి తలలు పగిలేలా కొట్టుకునేవారు. 1775లో జార్జ్ వాషింగ్టన్ తన సైన్యంలో ఈ పండగను నిషేధించాడు. కెనడాలోని కేథలిక్కుల స్నేహం కోరుతూ వాళ్ల మతాన్ని అవమానించడం తెలివితక్కువతనమని సైనికులకు చెప్పాడు. మూడేళ్లకు కేథలిక్కు ఫ్రాన్సు వాళ్లకు మిత్రదేశమైంది. నూరేళ్లకు పైగా పాతుకున్న ఆచారం కొద్ది సంవత్సరాల్లోనే అక్కడ మాయమైంది. రెండో ఉదాహరణ ఉత్తర ఐర్లండు. అక్కడ నెగళ్ల రాత్రి జూలై 11. అదే ఆరెంజ్ విలియం 1690లో బోయిన్ నది దగ్గర గెలిచిన యుద్ధం జ్ఞాపకంగా, కట్టెలు మేడలంత ఎత్తు పేరుస్తారు. వాటి మీద ఐర్లండు జెండాలు, ఐరిష్ జాతీయవాద పార్టీల ఎన్నికల పోస్టర్లు కాలుస్తారు. ఇక్కడ నా వాదనను నేనే కొంత సరిదిద్దుకోవాలి. హక్కుల చట్టాలు ఇప్పుడు ఉత్తర ఐర్లండులోనూ ఉన్నాయి, అయినా మంట చల్లారలేదు. ఎందుకంటే ఆ నేల ఏ దేశానిదన్న ప్రశ్న అక్కడ ఇంకా తెగలేదు. ఇంగ్లండులో సింహాసనం తగాదా తెగాకే హక్కులు నిలబడ్డాయి, హక్కులు నిలబడ్డాకే పండగ మెత్తబడింది. ఆ వరుసలో మొదటి మెట్టు లేనిచోట మూడు వందల ముప్పై ఏళ్లు గడిచినా ఫలితం లేదు.

ఇంగ్లండులో కూడా అంతా తీపి కాదు. లూయిస్‌లో ఏటా నవంబరు 5 పండగకు నెగడు సంఘాలు కాగడాలతో ఊరేగుతాయి. మేరీ రాణి కాలంలో ఆ ఊళ్లో కాలిపోయిన 17 మంది ప్రొటెస్టెంట్ల గుర్తుగా మండుతున్న 17 శిలువలను మోస్తారు. వాటిలో ఒక సంఘం 1605 నాటి పోపు అయిదో పాల్ బొమ్మను నేటికీ కాలుస్తుంది. ఆ 17 మందికి నివాళి అర్పించడం సబబే. పోపు బొమ్మ మాత్రం నాకు మింగుడుపడదు. అది ఆచారమే, ఎవరినీ ఏమనదు అంటారు ఆ ఊరివాళ్లు. కేథలిక్కులకు ఇవాళ ఆ బొమ్మ నొప్పి కలిగించకపోవచ్చు, ఎందుకంటే వాళ్ల పిల్లలు ఇవాళ న్యాయమూర్తులు, మంత్రులు. కానీ లూయిస్ పక్కనే ఉన్న ఫర్ల్ గ్రామంలో 2003లో జిప్సీ కుటుంబం బొమ్మలు గీసిన బండిని కాల్చారు. అరెస్టులు జరిగాయి, వ్యవహారం విచారణ దాకా మాత్రం వెళ్లలేదు. 2025 జూలైలో ఉత్తర ఐర్లండులోని మోయ్‌గాషెల్‌లో పడవలో వలసవాళ్ల బొమ్మలు పెట్టి కాల్చారు. కేథలిక్కులను వదిలిన మంట, ఈ దేశంలో ఇంకా చోటు తేలనివాళ్ల వైపు తిరుగుతోంది. వలస వచ్చినవాళ్లం కాబట్టి మనం దీన్ని చూడకుండా ఉండలేం. చట్టం పని కూడా పూర్తి కాలేదు: 1701 చట్టం ప్రకారం కేథలిక్కు ఈ దేశానికి రాజు కాలేడు. 2013 చట్టం కేథలిక్కును పెళ్లాడే వీలు మాత్రం వారసులకు కల్పించింది.

ఒక రోజుకు ప్రభుత్వం పెట్టే పేరు ఎంత పని చేస్తుందో తెలుగు పాఠకులకు తెలియనిది కాదు. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన 1948 సెప్టెంబరు 17ను 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినంగా, తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవంగా జరిపాయి. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. జెండా ఎగరేసేది ఒకే రోజు. ఎవరి నుంచి విమోచన, ఎవరితో సమైక్యత అన్నది ఏటా బళ్లో వినే పిల్లవాడి మనసులో సాటి పిల్లవాడి స్థానాన్ని నిర్ణయిస్తుంది. 1606లో ఆ చట్టం రాసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఏటా గట్టిగా చదివి వినిపించమన్నారు.

ఫాక్స్ పేరు మాత్రం దారి మార్చుకుని చాలా దూరం వెళ్లింది. కాల్చే బొమ్మకు పేరైన గై, పంతొమ్మిదో శతాబ్దంలో చిరుగుబట్టల వింత మనిషికి పేరైంది, అమెరికా చేరి ఏ మనిషికైనా వాడే మాటైంది. మాదాపూర్ ఆఫీసుల్లో పొద్దున్నే వినపడే హాయ్ గైస్ ఆ మాటే. ఇక ఈ రాత్రి గురించి ఇంకో చట్టం సంగతి మిగిలింది. 2004లో వచ్చిన బాణసంచా నిబంధనల ప్రకారం, ఇంగ్లండు, వేల్స్‌లలో మామూలు రోజుల్లో రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా టపాసులు కాల్చకూడదు. సంవత్సరంలో నాలుగు రాత్రులకు మినహాయింపు ఉంది. నవంబరు 5న అర్ధరాత్రి దాకా కాల్చుకోవచ్చు. డిసెంబరు 31న, చైనా కొత్త సంవత్సరాదినాడు, దీపావళినాడు ఒంటిగంట దాకా.